చెవి చివర నెత్తుటి చుక్క

రండర్రా, ఇలా అరుగు మీదకి రండి. చాప లాక్కోండి. ఒరే చిన్నాడా, మొన్న ఉయ్యూరు పొలంలో గొర్రెపిల్ల చెవిలో బూడిదరంగులో ఉబ్బిపోయి ఉన్నదాన్ని చూసి ఇదేంటి తాతయ్యా అని అడిగావు కదూ! అప్పుడు బస్సు టైమైపోతోందని చెప్పలేదు. ఇవాళ తీరిగ్గా చెబుతాను.

అది పిడుదు. అందరూ పురుగంటారు గానీ, అది సాలీడుకీ తేలుకీ చుట్టం. ఎదిగిన పిడుదుకి ఎనిమిది కాళ్ళు, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకి మాత్రం ఆరే. దాని ముందుకాళ్ళ మీద వాసన పట్టే చిన్న గుంట ఉంటుంది. గొర్రె వదిలిన ఊపిరిని దాంతోనే పసిగడుతుంది. చాలా రకాల పిడుదులు గడ్డిపరక కొసకెక్కి ముందుకాళ్ళు చాచుకుని కూర్చుంటాయి. గొర్రె ఒరుసుకుంటూ పోతే చాలు, పట్టేసుకుంటాయి. ఆడది కడుపునిండా రక్తం తాగి, రాలిపోయి, ఏ పగుళ్ళలోనో వేలకొద్దీ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. కంటికి ఆనీ ఆనని ప్రాణికి ఇంత బతుకుందని తెలిస్తే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అలాగని గోళ్ళతో నలిపేరు సుమా! కొన్ని పిడుదులు మనుషులకీ జబ్బులు తెస్తాయి. 2011లో గుజరాత్‌లో బయటపడిన క్రిమియన్ కాంగో జ్వరం అలాంటిదే. పట్టకారుతో తీసి, స్పిరిట్ పోసిన సీసాలో వెయ్యాలి.

మన కృష్ణా డెల్టాలో కోతలయ్యాక మెట్ట ప్రాంతాల నుంచి గొర్రెల మందలు దిగుతాయి. రైతు తన చేలో రాత్రిపూట మంద కట్టించుకుంటాడు, నేలకి ఎరువు దక్కుతుంది. కాపరికి డబ్బో ధాన్యమో ముడుతుంది. ఎంత చక్కని ఏర్పాటో చూడండి! 2019 పశుగణన ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు కోటీ డెబ్భయ్యారు లక్షల పైమాటే. పొడుగుకాళ్ళ నెల్లూరు జాతి గొర్రె మనదే కదా. అవి ఊరూరా తిరుగుతుంటే పిడుదులూ వాటితోపాటే తిరుగుతాయి. పిడుదు నోట్లోంచి గొర్రె రక్తంలోకి దిగే జీవుల్లో థైలీరియా, బెబీసియా అని రెండున్నాయి. ఒక్క కణమే ఒళ్ళంతా. మన మలేరియా క్రిమికి దగ్గర బంధువులు. దానిలాగే ఇవీ ఎర్రకణంలో దూరి కాపురం పెడతాయి.

ఇంతకీ గొర్రెకి జబ్బు చేసిందని ఎలా తెలుస్తుంది? మందలో వెనకబడుతుంది, మేత ముట్టదు, ఒళ్ళు కాలిపోతుంది. కాపరి దాని కింది కనురెప్ప లాగి చూస్తాడు. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి కనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. కాలవల పక్క, తడి నేలల్లో మేసే గొర్రెకి జలగ రోగం వచ్చినా రెప్ప పాలిపోతుంది. కడుపులో నట్టలు రక్తం తాగినా అంతే. అందుకని అందరూ ముందు నట్టల మందు తాగిస్తారు. పిడుదు తెచ్చిన జబ్బైతే ఆ మందు దాని జోలికైనా పోదు. థైలీరియా అయితే భుజం ముందు బిళ్ళలు కట్టొచ్చు, బెబీసియా అయితే మూత్రం ఎర్రగా రావచ్చు. రావచ్చు అంటున్నాను, రావాలనేం లేదు.

కనక రక్తాన్నే అడగాలి. మన విజయవాడ గవర్నర్‌పేట, సూర్యారావుపేట వీధుల్లో ఎటు చూసినా రక్తపరీక్షల ల్యాబులే కదా, మలేరియా అనుమానమొస్తే వాళ్ళు చేసేదే గొర్రెకీ చేస్తారు. చెవి చివర సూదితో గుచ్చి, ఒక్క చుక్క గాజు పలక మీద పల్చగా లాగి, ఆరబెట్టి, గీమ్సా రంగు వేస్తారు. పరాన్నజీవి ఒళ్ళు నీలంగా, దాని కేంద్రకం ఎర్రగా తేలుతుంది. గొర్రె ఎర్రకణం మన ఎర్రకణంలో సుమారు సగమే ఉంటుంది. అందులో దూరిన దాన్ని చూడాలంటే మైక్రోస్కోపుతోపాటు బోలెడంత ఓపిక కావాలి. జ్వరం మీదున్న గొర్రెలో దొరుకుతుంది. కోలుకున్న గొర్రెలో పది వేల కణాలు వెతికినా ఒక్కటి కనపడకపోవచ్చు. కానీ లోపల ఉంటుంది! ఆ గొర్రెని కుట్టిన పిడుదు దాన్ని ఇంకో గొర్రెకి మోసుకుపోతుంది.

పైకి ఆరోగ్యంగా ఉన్న పశువే జబ్బు మోస్తుందన్న సంగతి అమెరికాలో తేలింది. టెక్సస్ నుంచి పశువుల్ని ఉత్తరాదికి తోలుకెళితే అవి నిక్షేపంలా ఉండేవి, అక్కడి పశువులు మాత్రం చచ్చిపోయేవి. థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు, పిడుదులు ఏరేసిన దక్షిణాది పశువుల్ని ఉత్తరాది వాటితో కలిపి కట్టారు, ఏమీ కాలేదు. ఒట్టి పిడుదుల్నే బీట్లో వదిలారు, ఉత్తరాది పశువులు జబ్బుపడ్డాయి! 1893లో ఆ సంగతి అచ్చువేశారు. మరో నాలుగేళ్ళకి, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. పశువుల జబ్బు ముందు తేలింది, మనిషి జబ్బు తర్వాత. మనం మనుషుల గొప్పే చెప్పుకుంటాం గానీ, ఈ వరస నాకు మహా ఇష్టం.

మరి కనపడకుండా దాక్కున్నదాన్ని పట్టేదెలా? బస్తా వడ్లలో ఒక్క ఊద గింజ పడిందనుకోండి. చెయ్యి పెట్టి ఎంతని వెతుకుతాం? కానీ ఆ బస్తా అంతా చల్లితే ఊద మాత్రమే మొలిచే నేల ఒకటుంటే! కారుకారుకీ రెట్టింపవుతూ పోతే, చివరికి చేనంతా ఊదే. పీసీఆర్ అంటే అదే. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేశారే, ఆ పద్ధతే. పరాన్నజీవి జన్యువులో ఒక చిన్న ముక్కకే అతుక్కునే తునకలు రక్తంలోంచి తీసిన డీఎన్‌ఏలో కలిపి, వేడి చేసి, చల్లార్చి, మళ్ళీ వేడి చేస్తారు. ఒకసారికి ఒకటి రెండవుతుంది, పదిసార్లకి వెయ్యి దాటుతుంది, ముప్ఫై సార్లకి నూటేడు కోట్లు! 1983లో కేరీ మలిస్‌కి తట్టిన ఆలోచన ఇది, పదేళ్ళకి నోబెల్ తెచ్చింది. ఆ వేడికి చెడిపోని ఎంజైము వేడినీటి బుగ్గలో బతికే బాక్టీరియా నుంచి వచ్చింది. బుగ్గలో బాక్టీరియా ఎక్కడ, ఉయ్యూరు గొర్రె ఎక్కడ!

మైక్రోస్కోపులో ఒకేలా కనిపించే రెండు థైలీరియాల్ని కూడా పీసీఆర్ విడదీసి చెబుతుంది. లెస్టోకార్డీ అన్నది మందలనే తుడిచిపెట్టగలదు. ఓవిస్ అన్నది చాలా గొర్రెల్లో ఏ బాధా పెట్టకుండా పడి ఉంటుంది. పేరు తెలిస్తేనే మందు కుదురుతుంది. థైలీరియాకి బుపార్వక్వోన్, బెబీసియాకి డిమినజీన్ వాడతారు. అనాప్లాస్మా అని ఇంకోటి ఉంది, అది బాక్టీరియా, దానికి ఆక్సీటెట్రాసైక్లిన్.

అయితే పరీక్షలో ఉందని తేలినంత మాత్రాన గొర్రె నీరసానికి అదే కారణమని అనుకోకూడదు. ఓవిస్ ఊరికే కూర్చుని ఉండొచ్చు, అసలు దొంగ కార్జంలో జలగ కావచ్చు. పక్కనే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది కదా, అక్కడ డాక్టరు కావాలనుకునే పిల్లలు పీసీఆర్ ఎంత బాగా నేర్చినా, గొర్రె రెప్ప లాగి చూడ్డం, జ్వరం చూడ్డం, పేడ పరీక్ష చెయ్యడం కూడా నేర్చుకోవాల్సిందే. చిన్నాడా, నీకు అటువైపు మనసు మళ్ళితే చెప్పు, సెలవుల్లో తీసుకెళతాను.