ఛాయాచిత్రము – మధ్యతరగతి మర్యాద

పట్టిసీమ మొదలు రాజమహేంద్రవరం వరకు గోదావరి ఒడ్డునగల పాత ఇండ్లలో పూర్వికుల ఛాయాచిత్రాలు నేటికీ అక్కడక్కడ గోడలపై కానవస్తాయి. ఇంటి పెద్ద కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంటాడు. ప్రక్కన చిన్న బల్ల, దానిపై ఒక పుస్తకం. ఆ ముఖాలలో చిరునవ్వు అరుదు. మన పూర్వికులు నవ్వెరుగనివారా? కాదు. ఆ గాంభీర్యానికి కారణాలు రెండు: ఒకటి శాస్త్రీయం, రెండవది సాంఘికం.

1839లో ఫ్రాన్సు దేశీయుడైన దాగేర్ పద్ధతి వెల్లడైన తొలినాళ్లలో పలకపై బింబం పడటానికి నిమిషాలు పట్టేది. 1851లో ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతివల్ల ఆ వ్యవధి సెకండ్లకు తగ్గింది. అయినా తల కదలకుండా వెనుక ఇనుప ఆధారం నిలిపేవారు. 1854లో డిస్డేరి ఒకే పలకపై ఎనిమిది చిన్న చిత్రాలు తీసే విధానానికి పేటెంటు పొందగా వెల తగ్గింది. అంతవరకు ప్రభువులకే దక్కిన ప్రతిరూపం గుమాస్తాకు, ఉపాధ్యాయునికి, వర్తకునికి సైతం అందుబాటులోకి వచ్చింది.

ఇక సాంఘిక కారణం. ప్రభువుల చిత్రం వారికున్న వైభవాన్ని చూపితే, మధ్యతరగతివాని చిత్రం అతడు కోరుకున్న స్థానాన్ని చూపింది. కుర్చీ, తెర, పుస్తకం తరచుగా స్టూడియోవారివే. కుర్చీ హోదాకు, పుస్తకం విద్యకు గుర్తులు. నవ్వు ఆ పెద్దరికానికి తగదని తలచారు.

అయితే పురుషునికి కనబడటం మర్యాద కాగా, పరదా పాటించే కుటుంబాలలో స్త్రీకి కనబడకపోవటమే మర్యాద. ఈ చిక్కుకు హైదరాబాదులో ఒక పరిష్కారం లభించింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) 1892లో అక్కడ స్త్రీలకై ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పాడు. చుట్టూ ఎత్తైన గోడలు. నిర్వహణ శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళది. పరదా తొలగకుండానే కెమెరా పరదాలోనికి ప్రవేశించింది. సంపన్న గృహాల స్త్రీలు తమ రూపాన్ని చిత్రంలో చూసుకోగలిగారు.

కాని రూపం మిగిలినంత మాత్రాన పేరు మిగలదు. పాత చిత్రాల క్రింద పురుషుని పేరు, ఉద్యోగం వ్రాసి ఉన్నచోట కూడ స్త్రీ అనేకసార్లు 'ఫలానావారి భార్య'గానే నిలిచింది. విద్యార్థినీ విద్యార్థులారా! మీ ఇండ్లలో అటువంటి చిత్రాలుంటే, గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే అడిగి, వెనుకవైపు పెన్సిలుతో అందరి పేర్లూ వ్రాసి ఉంచండి. మనం అడగక జారవిడిచిన పేరును ఏ చరిత్రకారుడూ తిరిగి తేలేడు.