పఠాన్‌కోట్ గోడ

పింఛను తీసుకుంటూనే మళ్లీ యూనిఫాం తొడిగే ఉద్యోగం ఒకటుంది. డిఫెన్స్ సెక్యూరిటీ కోర్, డీఎస్సీ. (మా ఊరు ఉండిలో ఎవరితో అన్నా టీచర్ల పరీక్షనుకుంటారు.) సర్వీసు అయిపోయి, పిల్లల చదువులు ఇంకా అవని మాబోటి వాళ్లు అందులో చేరతారు. డిపోలకూ, వైమానిక స్థావరాలకూ కాపలా. మా అత్తవారిది తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం. తరతరాలుగా పట్టాళానికి మనుషుల్ని పంపిన ఆ ఊళ్లో దీని గురించి ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు.

2016 జనవరి 2 తెల్లవారుజామున పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద జైషే మహమ్మద్ ముష్కరులు పడ్డారు. మనవాళ్లు ఏడుగురు పోయారు, అందులో ఐదుగురు డీఎస్సీ వాళ్లే. వాళ్లలో జగదీశ్ చంద్ ఒకడు, డోగ్రా రెజిమెంట్‌లో చేసి వచ్చినవాడు. ఆ వేళప్పుడు మెస్ దగ్గర ఉన్నాడు, చేతిలో ఆయుధం లేదు. అయినా ఒకణ్ని తరిమి పట్టుకుని, వాడి తుపాకీతోనే వాణ్ని చంపి, మిగతావాళ్ల తూటాలకు తను పోయాడు. చనిపోయాక కీర్తిచక్ర ఇచ్చారు.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. ఉగ్రవాదులు ఒక ఎస్పీ బండి లాక్కుపోయారని ముందురోజే తెలుసు. ఢిల్లీ నుంచి ఎన్‌ఎస్‌జీ కమాండోలు కూడా దిగారు. ఆ స్థావరం చుట్టుకొలత దాదాపు 24 కిలోమీటర్లు, అంటే ఉండి నుంచి భీమవరం వెళ్లి, వచ్చి, మళ్లీ వెళ్లినంత. గోడ పక్కన జామాయిల్ చెట్టు, తాడు, ఆ వైపు సరిగా వెలగని లైట్లు. వాళ్లు లోపలికొచ్చిన తీరు ఇదని అప్పట్లో పేపర్లలో వచ్చింది. చెట్టు కొట్టించడానికి కమాండోలు కావాలా?

ఢిల్లీలో మాటలు మాత్రం వేరే దారి పట్టాయి. సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, డిసెంబర్ 25న, మోదీ లాహోర్‌లో దిగి అప్పటి పాక్ ప్రధాని నవాజ్ షరీఫ్‌ను కలిసొచ్చారు. దాడి తర్వాత విదేశాంగ కార్యదర్శుల చర్చలు వాయిదా పడ్డాయి. మార్చిలో పాకిస్తాన్ దర్యాప్తు బృందాన్ని పఠాన్‌కోట్‌కు రానిచ్చారు, అందులో ఐఎస్‌ఐ అధికారి కూడా ఉన్నాడు. లోపలిదేదీ కంటపడకుండా తెరలు కట్టారు. కాంగ్రెస్, ఆప్ గగ్గోలు పెట్టాయి. ఏప్రిల్‌లో పాక్ హైకమిషనర్ శాంతి చర్చలు ఆగిపోయాయని తేల్చేశారు. మన దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ అటు వెళ్లనే లేదు.

లోపాలున్నాయని అప్పటి రక్షణ మంత్రి పారికర్ ఒప్పుకున్నారు. అంత ముందుగా తెలిసీ ఎలా చొరబడనిచ్చారని పార్లమెంటు స్థాయీ సంఘం మేలో నిలదీసింది. సైనిక స్థావరాల భద్రత మీద లెఫ్టినెంట్ జనరల్ కాంపోస్ కమిటీ నివేదిక అందిందీ ఆ నెలలోనే. సెప్టెంబర్‌లో ఉరీ సైనిక శిబిరం మీద దాడి, 19 మంది పోయారు. దానికి బదులుగా సర్జికల్ దాడులు జరిగాయి, ఇస్లామాబాద్ సార్క్ సదస్సు ఆగిపోయింది. నవంబర్ 29న నగ్రోటా సైనిక శిబిరంలోకి పోలీసు దుస్తుల్లో దూరారు, ఇంకో ఏడుగురు పోయారు.