యుగ్మోత్పత్తి గణనలు: శక్తి, తరంగదైర్ఘ్యం, కేంద్రకపు వాటా

ఒక ఫోటాన్ నుండి ఎలక్ట్రాన్-పాజిట్రాన్ యుగ్మం ఏర్పడాలంటే కనీసం 1.022 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల (ఎం.ఇ.వి.) శక్తి కావాలని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ఒక్కొక్క కణపు విరామ శక్తి 0.511 ఎం.ఇ.వి.; వాటి మొత్తమే ఇది. దీనికి అనురూపమైన తరంగదైర్ఘ్యం 1.213 పికోమీటర్లు, అంటే ఎలక్ట్రాన్ కాంప్టన్ తరంగదైర్ఘ్యంలో సగం. అయితే శక్తి ఎంత ఉన్నా శూన్యంలో ఒంటరి ఫోటాన్ యుగ్మంగా మారదు. ఫోటాన్ ద్రవ్యవేగాన్ని కాంతి వేగంతో గుణిస్తే దాని శక్తి వస్తుంది. ద్రవ్యరాశి గల కణానికి ఆ లబ్ధం ఎప్పుడూ మొత్తం శక్తి కంటే తక్కువే. రెండు కణాలూ ముందుకే సాగినా ఫోటాన్ ద్రవ్యవేగంలో కొంత మిగిలిపోతుంది. దానిని స్వీకరించడానికి దాపున ఒక కేంద్రకం ఉండాలి.

మరి కేంద్రకం శక్తిలోనూ వాటా తీసుకొంటుందా? థాలియం-208 క్షయంలో వెలువడే 2.614 ఎం.ఇ.వి. గామా కిరణం జెర్మేనియం శోధకంలో యుగ్మాన్ని సృష్టించిందనుకొందాం. దాని తరంగదైర్ఘ్యం 0.474 పికోమీటర్లు. విరామ శక్తి పోగా మిగిలే 1.592 ఎం.ఇ.వి. గతిజ శక్తి. అది సమానంగా పంచుకోబడిందనుకొంటే (వాస్తవంలో కేంద్రకపు వికర్షణ వల్ల పాజిట్రాన్‌కు కొంచెం ఎక్కువ దక్కుతుంది) ఒక్కొక్క కణపు మొత్తం శక్తి 1.307 ఎం.ఇ.వి. విద్యార్థులు తడబడేది ఇక్కడే. ఫోటాన్ సూత్రాన్నే కణానికీ వర్తింపజేస్తే 0.948 పికోమీటర్లు వస్తుంది. కాని డీబ్రోలీ తరంగదైర్ఘ్యాన్ని నిర్ణయించేది ద్రవ్యవేగం. 1.307 వర్గం నుండి 0.511 వర్గాన్ని తీసివేసి వర్గమూలం కడితే 1.203 ఎం.ఇ.వి.; దాని నుండి వచ్చే సరైన విలువ 1.030 పికోమీటర్లు.

రెండు కణాలూ ముందుకే సాగితే వాటి లబ్ధాల మొత్తం 2.406. మిగిలిన 0.208 కేంద్రకానిది. జెర్మేనియం-74 కేంద్రకపు విరామ శక్తి సుమారు 68,900 ఎం.ఇ.వి. కనుక దాని ప్రతిక్షేప శక్తి కేవలం 0.3 ఎలక్ట్రాన్ వోల్టులు! ఫోటాన్ ద్రవ్యవేగమంతా కేంద్రకానికే చేరినా అది 50 ఎలక్ట్రాన్ వోల్టులు దాటదు. శోధకం విడదీసి చూపగల తేడా కిలో ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిది. అందువల్లనే పాజిట్రాన్ విలయంలో పుట్టిన రెండు ఫోటాన్లూ తప్పించుకొన్నప్పుడు వర్ణపటంలో శిఖరం 1.592 వద్దనే కనిపిస్తుంది. ఒకటి మాత్రమే తప్పించుకొంటే 2.103 వద్ద.

కేంద్రకానికి బదులు ఒక ఎలక్ట్రాన్ ఆ ద్రవ్యవేగాన్ని స్వీకరిస్తే లెక్క మారిపోతుంది. అది తేలిక కణం కనుక శక్తిని కూడా గణనీయంగా తీసుకొంటుంది. అప్పుడు కనీస శక్తి 2.044 ఎం.ఇ.వి.; అందులో సగం గతిజ శక్తిగా రెండు ఎలక్ట్రాన్లకూ పాజిట్రాన్‌కూ 0.341 చొప్పున చేరుతుంది.