ఫోటోలో పడని పచ్చబొట్టు

కొత్త సెల్‌ఫోను కొన్న ఇంట్లో మొదటి వారం రోజులూ పండుగే. పెరట్లో మందారపువ్వు, గుమ్మంలో పడుకున్న పిల్లి, పొరుగింటి పసివాడు, వండిన కూర, వండబోయే చేప - కంటికి కనబడ్డ ప్రతిదానికీ ఫోటో. రెండవ వారంలో ఎవరో ఒకరు మెల్లగా గొణుగుతారు: "ఏమో గాని, పాత ఫోనులోనే ఫోటోలు బాగుండేవి." పిల్లలు మనకు తియ్యడం రాదంటారు. దుకాణదారు, కెమెరా అద్దం తుడిచి చూశారా అని అడుగుతాడు. నెలనెలా వాయిదాలు కట్టే మనబోటివాళ్లం పద్దెనిమిదివేల రూపాయల వస్తువుకు వంక పెట్టడానికి మనసొప్పక ఊరుకుంటాం.

ఊరుకోనవసరం లేదు. ఆ గొణుగుడుకు కారణాలున్నాయి. నాకు తెలిసినంతవరకు వాటిని పాఠకుల ముందు పెడుతున్నాను. నేను ఇంజనీరును కాను. బరంపురంలో ఒక కచేరీలో గుమాస్తాను. పగలంతా ఒరియాలోను, ఇంగ్లీషులోను కాగితాలు రాసి, సాయంత్రం ఇంటికి వచ్చి తెలుగు మాట్లాడుకునేవాణ్ణి. అయితే దరఖాస్తుకు అంటించిన ఫోటోను, ఎదుట నిలబడ్డ మనిషిని పోల్చి చూడడం ఇరవైయేళ్లుగా నా ఉద్యోగంలో ఒక భాగం. ఈ మధ్య ఆ పోలిక కష్టమవుతున్నది.

ముందు అంకెల సంగతి చూద్దాం. పెట్టెమీద "108 మెగాపిక్సెళ్లు" అని పెద్ద అక్షరాలతో వేస్తారు. అనగా 10 కోట్ల 80 లక్షల చుక్కలు. వినడానికి ఘనంగానే ఉంది. కాని ఆ చుక్కలన్నీ ఇమిడి ఉన్న పలక, మధ్యరకపు ఫోనుల్లో 0.7 చదరపు సెంటీమీటరుకు మించదు, చిటికెనవేలి గోరంత. మన నాన్నల నాటి డబ్బా కెమెరాలో 120 నెంబరు ఫిలిం వేస్తే చుట్టకు 12 ఫోటోలు వచ్చేవి. ఒక్కొక్కటి సుమారు 6 సెంటీమీటర్ల చదరం. ఫోను పలకకు నలభైరెట్లకు పైమాటే. వానలో చెంబు పెడితే చెంబెడు నీళ్లు, గంగాళం పెడితే గంగాళమెడు నీళ్లు. వెలుతురు సంగతీ అంతే.

ఆ గోరంత పలకను 10 కోట్ల గదులుగా చీలిస్తే ఒక్కొక్క గది వెడల్పు మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడ ఉండదు. ఈ రకం ఫోనుల్లో 0.7, 0.8 మైక్రాన్లు ఉంటుంది. ఎర్రని వెలుతురు తరంగం పొడవే సుమారు 0.65 మైక్రాన్లు. గదీ, ఆ గదిలోకి రావలసిన చుట్టమూ ఇంచుమించు ఒకే కొలత అన్నమాట. ఇది తయారుచేసేవాళ్లకు తెలియనిది కాదు. అందుకే ఫోను తనంతట తానే తొమ్మిదేసి గదులను ఒకటిగా కలిపి, 1 కోటి 20 లక్షల చుక్కల ఫోటో ఇస్తుంది. 48 మెగాపిక్సెళ్ల ఫోను నాలుగేసి కలిపి, అదీ అంతే ఇస్తుంది. అంగట్లో 108 అని కొన్నది ఇంటికి వచ్చేసరికి 12 అవుతుంది. అలా కలపడం మంచిదే. వెలుతురు కొంత కూడుతుంది. ఆ 12 సంగతి పెట్టెమీద వెయ్యకపోవడమే గడుసుదనం. వెనకనున్న మూడు నాలుగు కళ్లలో రెండు, చాలా చవక ఫోనుల్లో, రెండేసి మెగాపిక్సెళ్లవి మాత్రమే. అవి ఫోటోకన్నా పెట్టెమీది బొమ్మకే ఎక్కువ ఉపయోగం.

నిజానికి మనకు కావలసిన చుక్కలెన్ని? ఆల్బములో పెట్టుకునే 4 × 6 అంగుళాల ఫోటోకు, అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్కవేస్తే, 1200 × 1800. అంటే 21 లక్షల 60 వేలు. రెండు మెగాపిక్సెళ్లకు కాస్త పైన. 2000 సంవత్సరంలో జపానులో షార్పు కంపెనీ విడుదల చేసిన తొలినాటి కెమెరా ఫోనులో 1 లక్షా 10 వేల చుక్కలే ఉండేవి గనుక అప్పుడు కొరత. ఇవాళ ఏ ఫోనుకూ చుక్కల కొరత లేదు. లోపం మరొకచోట ఉంది. అది మా ఇంట్లో ఎలా తెలిసిందో చెబుతాను.

మా అమ్మకు, పెద్దమ్మకు అయిదేళ్ల తేడా. ఇచ్ఛాపురం దగ్గర పల్లెలో పుట్టారు. చిన్నతనంలో పచ్చబొట్టు పొడిచే ఆవిడ ఊళ్లోకి వస్తే, మా అమ్మమ్మ ఇద్దరికీ ఒకేరోజున గడ్డంమీద చుక్క పొడిపించింది. పెద్దమ్మ కదలకుండా కూర్చుంది. మా అమ్మ ఏడ్చి తల తిప్పింది గనుక ఆవిడ చుక్క కొంచెం పక్కకు సాగింది. ఈ కథ మా ఇంట్లో ప్రతి పండుగకూ ఉన్నదే. 2024 సంక్రాంతికి మా అమ్మాయి కొత్త ఫోనుతో మామ్మలిద్దరినీ నడవలో కూర్చోబెట్టి ఫోటో తీసింది. తెరమీద చక్కగానే కనబడింది. అందరం మెచ్చుకున్నాం. ఆ యేడే శ్రావణంలో పెద్దమ్మ పోయింది. పెద్దకర్మనాటికి పటం కట్టించాలని ఆ ఫోటోను స్టూడియోకు తీసుకువెళ్లి, 12 × 18 అంగుళాలకు పెద్దది చేయించి ఇంటికి తెచ్చాను.

"ఎవర్రా ఈవిడ?" అంది మా అమ్మ.

"పెద్దమ్మేనమ్మా. సంక్రాంతికి మన పాప తీసిందే."

"గడ్డంమీది చుక్కేదిరా? మా అక్క ముడతలేవీ? ఇంత తెల్లగా మా అక్క ఎన్నడుందిరా?"

అద్దాలు పెట్టుకుని నేనూ చూశాను. చర్మం ఒలిచిన కోడిగుడ్డులా ఉంది. తల వెంట్రుకలు కుంచెతో రాసినట్టు ముద్దగా ఉన్నాయి. ఆవిడ కట్టుకున్నది మా ఊరి పట్టుచీరే. ఆ అంచులో కోణాలు తేలిన కుంభాల వరస మగ్గంమీద ఎంత పనో నేసేవాళ్లకు తెలుసు. ఫోటోలో ఆ వరస కరిగిన మైనంలా ఉంది. పక్కన కూర్చున్న మా అమ్మ గడ్డంమీది సాగిన చుక్క కూడ లేదు. స్టూడియో ఆయన కంప్యూటరులో పెద్దది చేసి చూపించి, "ఉన్నదాన్ని పైకి తేగలను గాని, పడనిదాన్ని ఎక్కణ్ణుంచి తేను?" అన్నాడు. కావాలంటే చుక్క తానే పెడతానన్నాడు. మా అమ్మ ఒప్పుకోలేదు. చివరకు 1998లో మా అక్క పెళ్లిలో తీసిన ఫిలిం ఫోటోలోంచి పెద్దమ్మను విడదీసి పటం కట్టించాం. అందులో ఆవిడ ఇరవయ్యారేళ్లు చిన్నది. అయితేనేం, చుక్క ఉంది.

కచేరీలో పనిచేసినవాళ్లకు చిత్తు అంటే ఏమిటో, సాపు అంటే ఏమిటో తెలుసు. అధికారి చిత్తు రాసి ఇస్తాడు. గుమాస్తా సాపు చేస్తాడు. అక్షరాలు గుండ్రంగా రాయవచ్చు, కొట్టివేతలు తీసెయ్యవచ్చు. విషయం మార్చడానికి మాత్రం వీల్లేదు. పైగా చిత్తు ఫైలులో భద్రంగా ఉంటుంది, రేపెవరైనా సరిచూసుకోవచ్చు. ఇప్పటి ఫోను ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టే యంత్రమని మనం అనుకుంటున్నాం. కాదు, అది సాపు చేసే గుమాస్తా. అందులోను చొరవ ఎక్కువైన గుమాస్తా. చిత్తు చింపేసి సాపు మాత్రమే చేతికిస్తుంది.

సాపు చెయ్యడం ఇవాళ పుట్టింది కాదు. డిజిటల్ కెమెరాలో ఒక్కొక్క గది వెలుతురెంతో చెబుతుంది గాని రంగేదో చెప్పలేదు. గదులమీద రంగు పొరలు పరిచే పద్ధతికి కోడక్ కంపెనీలో బ్రైస్ బేయర్ అనే ఆయన 1976లో పేటెంటు పొందాడు. ప్రతి నాలుగు గదుల్లో రెంటికి ఆకుపచ్చ, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం. ఎర్ర గదిలో ఆకుపచ్చ ఎంతో, నీలం ఎంతో పక్క గదుల్ని చూసి ఊహించుకోవలసిందే. ఈ పద్ధతివల్ల ఫోటోలో మనం చూసే రంగులో మూడింట రెండువంతులు ఊహే. అయితే అది ఇరుగుపొరుగును అడిగి తెలుసుకున్న ఊహ. దానితో ఎవరికీ పేచీ లేదు.

ఆ తరువాతి పనులు వేరు. 2013లో గూగుల్‌వారు నెక్సస్ 5 ఫోనులో, ఒకే మీట నొక్కుడుకు కొన్ని ఫోటోలు గబగబ తీసి, అన్నిటినీ ఒకటిగా పేర్చే పద్ధతి తెచ్చారు. చెంబు చిన్నదైతే పదిసార్లు ముంచినట్టు. చాలా తెలివైన ఉపాయం. చీకటిపడ్డాక గుడి దీపాలు, రథయాత్ర సందడి ఇవాళ ఫోనులో పడుతున్నాయంటే దానివల్లనే. పాత ఫోనుల్లో అక్కడ నల్లటి అట్ట వచ్చేది. కాని మనిషి కొంచెం కదిలినా ఆ పేర్పు చెదురుతుంది. వెలుతురు చాలనప్పుడు ఇసుక చల్లినట్టు రేణువులు వస్తాయి. వాటిని తుడవబోయి ఫోను, రేణువేదో నేత పోగేదో తెలియక రెంటినీ తుడుస్తుంది. తుడిచినది మెత్తబడిందని మళ్లీ అంచులకు గీత దిద్దుతుంది. మైనపు కుంభాలు అలా తయారయ్యాయి. ఆపైన ముఖం. ముఖం కనబడగానే నునుపుచేసే ఏర్పాటు కొన్ని ఫోనుల్లో కొన్ననాటినుంచే పనిచేస్తూ ఉంటుంది. దాని లెక్కలో మచ్చ అంటే తీసెయ్యవలసినది. పచ్చబొట్టు దానికి మొటిమకు తోబుట్టువు.

తీసివెయ్యడమే కాదు, చేర్చడం కూడ ఉంది. 2023 మార్చిలో ఒకాయన చంద్రుడి బొమ్మను కావాలనే మసకబరిచి కంప్యూటరు తెరమీద పెట్టి, దూరంనుంచి శాంసంగ్ ఫోనుతో ఫోటో తీశాడు. తెరమీద లేని గుంటలు, మచ్చలు ఫోటోలో స్పష్టంగా వచ్చాయి. ఫోను చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలను మెరుగుపరుస్తుందని కంపెనీవారే తరువాత వివరణ ఇచ్చారు. చంద్రుడికి ఒక్కటే ముఖం గనుక సరిపోయింది.

పూర్వపు స్టూడియోలవాళ్లు మాత్రం దిద్దలేదా అని ఎవరైనా అడగవచ్చు. దిద్దారు. నెగటివుమీద సన్నని పెన్సిలుతో మచ్చలు కప్పేవారు, పెళ్లికూతుళ్లకు కనుబొమలు దిద్దేవారు. కాని అక్కడ దిద్దేవాడు మనకు తెలిసిన మనిషి. "టచింగు చెయ్యమంటారా?" అని అడిగేవాడు. వద్దంటే మానేవాడు. నెగటివు ఆయన బీరువాలో ఉండేది. 1970లో మా అమ్మా నాన్నా దిగిన నలుపుతెలుపు ఫోటో ఇప్పటికీ మా గోడమీద ఉంది; చీర రంగేదో తెలియదు గాని, చుక్క పక్కకు సాగిందని తెలుస్తుంది.

తెలుపు సంగతి కూడ చెప్పాలి. రంగు ఫిలిం రోజుల్లో కోడక్‌వారు ల్యాబులకు పంపే నమూనా కార్డుమీద చాలాకాలం తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. ఆ మొదటి మోడలు పేరుమీద దాన్ని షర్లీ కార్డు అనేవారు. ఆవిడ రంగు సరిగా వస్తే అందరి రంగూ సరిగా వచ్చినట్టే లెక్క. 2021లో గూగుల్‌వారు నల్లని, చామనఛాయ చర్మాలను ఉన్నవున్నట్టు చూపడానికి తమ ఫోనుల్లో ప్రత్యేక సవరణలు చేశారు. 2022లో హార్వర్డు ఆచార్యుడు ఎలిస్ మాంక్ రూపొందించిన పది ఛాయల కొలబద్దను కూడ తీసుకున్నారు. మంచిదే. కాని మన బజారులో ఇంకా, తెల్లగా చూపే ఫోనే బాగా అమ్ముడుపోతున్నది. కొనేవాడు చూసేది దుకాణంలో, అరచేతి తెరమీద, తన ముఖాన్ని. చామనఛాయ మనిషి తెల్లగా కనబడితే కెమెరా బాగుందంటాడు. దోషమంతా కంపెనీలదే అనడానికి నోరు రావడం లేదు.

మిగిలినదేమైనా ఉంటే వాట్సాపు హరిస్తుంది. మామూలుగా పంపితే అది ఫోటోను చాలా చిన్నది చేసి పంపుతుంది. 2023 ఆగస్టులో హెచ్‌డీ అనే మీట పెట్టారు. అది కొంత నయం. పటం కట్టించవలసిన ఫోటో అయితే డాక్యుమెంటుగా పంపడమే మేలు. అప్పుడు చెయ్యి పెట్టదు.

ఇప్పుడు మా ఇంట్లో చేస్తున్నది ఇదీ. బ్యూటీ, ఏఐ అనే మీటలు రెండూ ఆర్పేశాం. కొన్ని ఫోనుల్లో ముందు కెమెరాకు, వెనక కెమెరాకు విడివిడిగా ఆర్పాలి. ప్రో అనే విభాగంలో రా అని ఉంటే అదే మన చిత్తు. జాగా ఎక్కువ పడుతుంది, అందుకని పెద్దవాళ్ల ఫోటోలకు మాత్రమే వాడతాం. రాత్రి ట్యూబులైటు కింద తియ్యడం మానేశాం. పొద్దున్న తొమ్మిదింటికి వీధి కిటికీ పక్కన కుర్చీ వేసి, ఎండ ముఖంమీద పడకుండా, వెలుతురు మాత్రం పడేలా కూర్చోబెడతాం. వేళ్లతో లాగి దగ్గరకు తెచ్చుకోకుండా రెండడుగులు ముందుకు నడిచి తీస్తాం. పెద్ద కన్నుతోనే తీస్తాం. పక్క కళ్ల జోలికి పోము. తీసిన వెంటనే తెరమీద పెద్దది చేసి, కనురెప్పలు విడివిడిగా ఉన్నాయా, చీర అంచులో పోగు కనబడుతున్నదా అని చూస్తాం. లేకపోతే అక్కడికక్కడే మరొకటి. మనిషి ఎదుటనే ఉంది గనుక మరొకటి తియ్యవచ్చు.

ఇంత చేసినా నిండుగా కుదరని రోజులున్నాయి. కొన్ని ఫోనుల్లో అన్నీ ఆర్పినా కొంత తుడుపు లోపల జరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపే మీట మనకివ్వలేదు.

మా అమ్మ తెరమీద చూసి దేన్నీ ఒప్పుకోదు. అచ్చు వేయించి చేతికివ్వాలి. వీధి గుమ్మందాకా వెలుతురులోకి తీసుకువెళ్లి ముందు గడ్డం చూస్తుంది, తరువాత చీర.