థైరాయిడ్‌కు వెలుపల అయోడైడ్ వాహకాలు: అనంతపురం కరువుసీమ నేపథ్యం

పెన్నా తీరాన పామిడిలో తల్లిపాలు తాగే శిశువుకు అయోడిన్ అందేది తల్లి థైరాయిడ్ (అవటు) గ్రంథి ద్వారా కాదు. తల్లి రక్తంలోని అయోడైడ్‌ను తోడి పాలలోకి చేర్చే పని స్తనగ్రంథి కణత్వచంలోని సోడియం–అయోడైడ్ వాహకం చేస్తుంది. థైరాయిడ్‌లో పనిచేసే ప్రోటీన్ కూడా ఇదే. 1996లో నాన్సీ కరాస్కో బృందం ఎలుక థైరాయిడ్ కణాల నుండి దీని సమాచారాన్ని వెలికితీసింది. మానవ వాహకంలో 643 అమైనో ఆమ్లాలున్నాయి; ఒక్కో అయోడైడ్ అయాన్‌తో రెండు సోడియం అయాన్లు కణంలోకి ప్రవేశిస్తాయి.

ఈ ప్రోటీన్ లాలాజల గ్రంథులలో, జఠర శ్లేష్మపొరలో, చిన్నప్రేగులో, మాయలో కూడా వ్యక్తమవుతుంది. అయితే ఎక్కడ ఉందన్నదానికంటే కణం ఏ ముఖాన ఉందన్నదే కీలకం. చిన్నప్రేగులో అది ఆహారం వైపు నిలిచి అయోడైడ్‌ను గ్రహిస్తుంది. లాలాజల, జఠర, స్తన కణాలలో రక్తం వైపు నిలిచి స్రావాలలోకి పంపేందుకు తోడ్పడుతుంది. రేడియో అయోడిన్ చికిత్స పొందినవారిలో నోరు ఎండిపోవడానికి మూలం ఇక్కడే ఉంది. లోపలి చెవిలో, మూత్రపిండంలో కనిపించే పెండ్రిన్ వేరే కుటుంబానికి చెందిన వాహకం.

నియంత్రణలోనూ తేడా ఉంది. థైరాయిడ్‌లో టి.ఎస్.హెచ్. అధిపతి కాగా, స్తనగ్రంథిలో ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్, ఈస్ట్రోజెన్‌ల ప్రభావం ఉంటుంది. బిడ్డ పాలు మానాక వ్యక్తీకరణ తగ్గిపోతుంది. 2000లో వెలువడిన ఒక అధ్యయనం పరిశీలించిన రొమ్ము క్యాన్సర్ నమూనాలలో 80 శాతానికి పైగా ఈ వాహకాన్ని గుర్తించింది. కానీ చాలా కణితులలో ప్రోటీన్ కణం లోపలే ఉండిపోతుంది, త్వచానికి చేరదు. రేడియో అయోడిన్ చికిత్సపై పెట్టుకున్న ఆశకు ఇదే అడ్డంకి.

పామిడి చుట్టుపక్కల ఈ విషయానికి మరో కోణం ఉంది. అనంతపురం జిల్లా భూగర్భజలాలు ఫ్లోరైడ్‌కు పేరుమోసినవి. అయితే ఈ వాహకం మోసే అయాన్లలో ఫ్లోరైడ్ లేదు. పోటీ పడేవి నైట్రేట్, థయోసయనేట్, పెర్‌క్లోరేట్. వీటిలో నైట్రేట్ బలహీనమైనదే, పెర్‌క్లోరేట్ దానికంటే సుమారు 240 రెట్లు శక్తిమంతం. కానీ జిల్లాలోని పలు బావుల నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితిని దాటుతున్నందున దాన్ని పూర్తిగా విస్మరించలేము. పొగాకు పొగ నుండి థయోసయనేట్ పెరుగుతుంది. పొగతాగే తల్లుల పాలలో అయోడిన్ తక్కువగా ఉన్నట్లు డెన్మార్క్ పరిశోధకులు చూపారు. పాలిచ్చే తల్లికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది; వినియోగదారుడి స్థాయిలో ఉప్పులో ఉండవలసిన కనీస మోతాదు 15 పి.పి.ఎం. అంటే ఒక గ్రాము ఉప్పుకు 15 మైక్రోగ్రాములు మాత్రమే.