జీవితకాలం అంటే ఎవరి జీవితకాలం?

మొన్న వేసవి సెలవుల్లో మా యింట ఒక చిన్న రభస జరిగింది. మా అన్నగారి అబ్బాయీ, నేనూ కలిసి మూడేళ్ళుగా ఒక పని చేస్తున్నాం. ఎనభై దాటిన మా పెద్దమ్మ చేత పాత స్త్రీల పాటలు పాడించి కంప్యూటరులో భద్రం చెయ్యటం ఆ పని. లాలిపాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు, వీటన్నిటికీ తలమానికంగా ‘ఊర్మిళాదేవి నిద్ర’. అది మొత్తం పాడటానికి ఆవిడకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. పాట పుస్తకాల్లో దొరుకుతుంది గాని ఆవిడ వరస ఎక్కడా దొరకదు. నడుమ నడుమ దగ్గు, పెరట్లో కాకుల గోల, వీధిలో కూరలవాడి కేక. ఇవన్నీ ఏరి పారేసి, మావాడు ఒక్కొక్క పాటను నిగ్గు తేల్చాడు.

అటువంటివాడు ఆ రోజు కంప్యూటరు తెరిచి తెల్లముఖం వేశాడు.

“బాబాయ్, పాటలు తెరుచుకోవటం లేదు.”

“తెరుచుకోకపోవటమేమిట్రా? అవేమన్నా తలుపులా?”

తలుపులేనట. మేము వాడుతున్న సాఫ్ట్‌వేరు తయారుచేసే సంస్థను ఇంకో సంస్థ కొన్నది. కొన్నవారు కొత్త ప్రతి పంపించారు. మావాడు ‘అప్‌డేటు’ అన్న చోట నొక్కాడు. కొత్తది పాత పనిని సగమే గుర్తుపట్టింది. పోనీ పాతదాన్నే మళ్ళీ ఎక్కిద్దామంటే, అది మొదట సంస్థవారి కంప్యూటరును అనుమతి అడగాలి. ఆ కంప్యూటరు ఇప్పుడు పలకటం లేదు. ఆ సంస్థ పేరు చెప్పి రచ్చకెక్కటం నా ఉద్దేశం కాదు. అమ్ముకొనే హక్కు వారికి ఉన్నది, అమ్ముకొన్నారు.

మంచంమీంచి ఇదంతా విన్న పెద్దమ్మ అడిగింది: “అయితే నా పాటలు ఎవరో కొనుక్కున్నారుట్రా?”

“పాటలు కాదు పెద్దమ్మా, పాటలు దాచిన పెట్టెను.”

“మరి తాళంచెవి?”

తెలుగు ఎమ్మే చదివి, ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు ఆ మాటకు జవాబు దొరకలేదు.

అసలు చిక్కు ఎక్కడున్నదో చెబుతాను. వెనకటి రోజుల్లో టేపు మీద పాట పడితే అది టేపు మీదనే ఉండేది. టేపురికార్డరు చేసిన సంస్థ ఏమైపోయినా, ఆ టేపు పట్టే యంత్రం ఎక్కడ ఉన్నా పాట వినిపించేది. ఇప్పటి రికార్డింగు సాఫ్ట్‌వేరు పద్ధతి వేరు. గొంతు ఒక వరసలో, తంబుర ఒక వరసలో, డోలక్ ఒక వరసలో విడివిడిగా ఉంటాయి. ఏ ముక్క ఎక్కడ మొదలుకావాలి, ఏది ఎంత హెచ్చాలి, ఎక్కడ తగ్గాలి అన్న సంగతులు మాత్రం ఇంకో ఫైలులో ఉంటాయి. అది వంటకం కాదు, వంట చేసే తీరు వ్రాసిన చీటీ. ఆ చేతివ్రాత చదవగలిగిన వంటవాడు మానేసి పోయాడా, సరుకులన్నీ ఎదుట ఉన్నా అన్నానికి లేవటం ఉండదు!

ఈ అవస్థ మాకొక్కరికే పట్టిందేమోనని కొన్నాళ్ళు దిగులుపడ్డాను. తరువాత విచారిస్తే అమెరికా మొదలుకొని అన్ని దేశాలలోనూ సంగీతం చేసుకొనేవారు దీన్ని గురించి ఏళ్ళ తరబడి మొత్తుకొంటూనే ఉన్నారని తెలిసింది. అందులో చెప్పుకోదగిన కథ ‘కేక్‌వాక్’ కథ. (మాది అది కాదు. చదువరులు పొరబడకూడదని చెబుతున్నాను.)

1987లో గ్రెగ్ హెండర్‌షాట్ అనే ఆయన అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ట్వెల్వ్ టోన్ సిస్టమ్స్ అనే చిన్న సంస్థ పెట్టి కేక్‌వాక్ అనే సాఫ్ట్‌వేరును విడుదల చేశాడు. మొదట్లో అది ధ్వనిని పట్టేది కాదు. కీబోర్డు మీద ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత బలంగా నొక్కారో గుర్తుపెట్టుకొని తిరిగి వాయించేది. అంటే స్వరలిపి వ్రాసిపెట్టుకొనే గుమాస్తా అన్నమాట. పోనుపోను అసలు ధ్వనినే పట్టటం నేర్చింది. 2001లో ‘సోనార్’ అన్న పేరు పెట్టుకొన్నది. స్టూడియోకు వెళ్ళి గంటకింత అని ముట్టజెప్పలేనివారు, పగలు ఉద్యోగం చేసుకొని రాత్రిళ్ళు ఇంట్లో పాటలు కట్టుకొనేవారు, దాన్ని పట్టుకొని వదలలేదు.

తరువాత చేతులు మారటం మొదలైంది. 2008లో సంస్థలో పెద్ద వాటా జపానుకు చెందిన రోలాండ్ సంస్థకు వెళ్ళింది. రోలాండ్ అంటే కీబోర్డులు చేసేవారు, సంగీతం వారికి పరాయిది కాదు. 2013లో గిబ్సన్ కొన్నది. 1902 నుంచీ గిటార్లు చేస్తున్న సంస్థ అది. వాడుకదారులు సంతోషించారు కూడా, గొప్పింటికి వెళ్ళిందని. 2015 నుంచి నెలనెలా కొత్త హంగులు పంపే పద్ధతి వచ్చింది. కొందరికి అది పండుగ. మరికొందరు, “నెలకొక మార్పు ఎవరడిగారు? ఉన్న లోపాలు సరిదిద్దితే చాలును గదా” అన్నారు. నా ఓటు ఈ రెండోవారికే. మా కాలేజీలో కూడా సిలబసు మార్చినంత తరచుగా కప్పు మరమ్మతు చేయించరు.

2016లో అసలు కబురు వచ్చింది. ఒకసారి డబ్బు కట్టండి, ‘జీవితకాలం’ కొత్త ప్రతులన్నీ ఉచితం అన్నారు. నమ్మి కట్టినవారు కట్టారు. ఏడాదిన్నర తిరగలేదు. 2017 నవంబరు 20న, కేక్‌వాక్ పేరుమీద సరుకుల తయారీ, అభివృద్ధి ఆపేస్తున్నామని గిబ్సన్ ప్రకటించింది. ఫిలిప్స్ పేరుమీద ఇళ్ళలో వాడే ఎలక్ట్రానిక్ సామాను వ్యాపారాన్ని పెంచుకోవాలన్నది వారి ఆలోచన. ఆ ఆలోచనకూ ఎక్కువ ఆయుస్సు లేదు. 2018 మే నెల మొదటి తేదీన గిబ్సన్ తానే దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది.

అప్పుడు వాడుకదారులలో ఒక్క మాట లేదు. ‘జీవితకాలం అంటే మా జీవితకాలం అనుకొన్నాం, మీదనుకోలేదు’ అని కొందరు మండిపడ్డారు. ‘నిన్న పనిచేసింది, ఇవాళా పనిచేస్తోంది, రేపూ పనిచేస్తుంది, ఇంత గోలెందుకు’ అన్నవారూ ఉన్నారు. వారిదీ నిజమే. కాని కంప్యూటరు మారిననాడు, విండోస్ మారిననాడు సంగతేమిటి? దానికి వారి దగ్గర సమాధానం లేదు. ఇంకొందరు మూటాముల్లె సర్దుకొని పోటీ సంస్థల వాకిట వాలారు. ఆ సంస్థలు కూడా సోనార్ వదిలి వచ్చేవారికని తగ్గింపు ధరలు ప్రకటించి ఎదురేగాయి. వ్యాపారం వ్యాపారమే!

మూడు నెలలు గడిచాయి. 2018 ఫిబ్రవరిలో సింగపూరుకు చెందిన బ్యాండ్‌ల్యాబ్ అనే సంస్థ కేక్‌వాక్ ఆస్తులను కొన్నది. ఏప్రిల్‌లో దాన్ని ఉచితంగా ఇచ్చింది. పాత ఇంజనీర్లలో కొందరు మళ్ళీ పనిలో చేరారు. లోపాలు సరిదిద్దారు. పోయిందనుకొన్న మనిషి గుమ్మంలో నిలబడితే ఏడవాలా, నవ్వాలా? వందల డాలర్లు పోసి కొన్నవారు ఇప్పుడు ఉచితమేమిటని గునిశారు. ఊరికే వచ్చినదానికి పూచీ ఎవరని కొందరు అనుమానపడ్డారు. అనుమానం పూర్తిగా వట్టిది కాలేదు. 2023లో సోనార్ పేరుతో డబ్బు పుచ్చుకొనే ప్రతి వస్తుందని చెప్పారు. 2025లో మళ్ళీ ఆ సోనార్‌లోనే కొన్ని హంగులు ఉచితంగా ఇచ్చి, పాత ఉచిత ప్రతికి స్వస్తి చెప్పే ఏర్పాటు చేశారు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. గిటార్లవారు అటక మీద పారేసినదాన్ని ఈ సింగపూరువారు దించి, దుమ్ము దులిపి, ఇన్నేళ్ళు నడిపించారు.

చేతులు మారిన ప్రతిదీ చెడిందని కాదు. జర్మనీలోని ఎమాజిక్ సంస్థను 2002 జూలైలో ఆపిల్ కొన్నది. వెంటనే వారి ‘లాజిక్’ సాఫ్ట్‌వేరు విండోస్ కంప్యూటర్ల మీద ఇక రాదని తేల్చేసింది. అవి ఉన్నవారు ఒక్క పూటలో వీధిన పడ్డారు. ఆపిల్ కంప్యూటరున్నవారి సంగతి చూడబోతే, ధర పోనుపోను 200 డాలర్లకు దిగివచ్చింది. 2013లో ఆ ధరకు కొన్నవారికి ఆ తరువాతి ప్రతులు కూడా అదనపు ఖర్చు లేకుండా అందాయి. ఒకే అమ్మకం, ఒక ఇంట పెళ్ళి, పక్కింట చావు.

గట్టిగా అరిస్తే వినిపించుకొన్న సందర్భాలూ లేకపోలేదు. ‘ఆడాసిటీ’ 2000లో విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేరు. దాని మూలం అందరికీ బహిరంగం. 2021లో అది మ్యూజ్ గ్రూపు చేతికి వెళ్ళగానే, వాడేవారి వివరాలు సేకరించే ఆలోచన బయటికి వచ్చింది. పెద్ద అలజడి రేగింది. మూలం అందరిదీ కాబట్టి కొందరు దాన్ని ప్రతి తీసుకొని వేరు కాపురాలు పెట్టారు. సంస్థ క్షమాపణ చెప్పి షరతులు తిరగవ్రాసింది. 2023 మార్చిలో వేవ్స్ సంస్థ, ఇక శాశ్వతంగా అమ్మేది లేదు, అద్దెకే ఇస్తామన్నది. కొనుగోలుదారుల ఆగ్రహం చూసి, కొద్ది రోజుల్లోనే మాట వెనక్కు తీసుకొన్నది.

మా కథకు వస్తాను. అన్నయ్యగారింట్లో మూలపడ్డ పాత కంప్యూటరు ఒకటి గుర్తుకొచ్చింది. అందులో సాఫ్ట్‌వేరు పాత ప్రతే ఉన్నది. మావాడు దానికి ఇంటర్నెట్ తగలనివ్వకుండా, పసిబిడ్డకు దిష్టి తగలకుండా చూసినట్లు చూసుకొంటూ తెరిచాడు. పాటలు తెరుచుకొన్నాయి. రెండు రాత్రులు మేలుకొని ఒక్కొక్క వరసనూ మొదటి క్షణం నుంచి చివరిదాకా ఏకఖండంగా, మామూలు వేవ్ ఫైలుగా దింపాడు. ఇలా అయితే ఏ సంస్థ ఎవరి చేతికి పోయినా ధ్వని ధ్వనిగానే ఉంటుంది. రేపు మరొక సాఫ్ట్‌వేరులో అన్నీ ఒక చోట నుంచి మొదలుపెడితే వాటంతట అవే కలుస్తాయి. ఇంట్లో పిల్లల పాటలో, పెద్దల మాటలో ఇలా దాచుకొనేవారు ఈ పని ముందే చేసుకోవచ్చు. మేము ముందు చెయ్యలేదు.

అలా దింపుతున్నప్పుడు మావాడు ఏరి పారేసిన ముక్కలు కూడా బయటపడ్డాయి. సాఫ్ట్‌వేరు వాటిని దాచిందే గాని చెరపలేదట. దగ్గు వచ్చింది, కాకులు వచ్చాయి. ఊర్మిళ నిద్ర మధ్యలో ఎవరో లోపలినుంచి, “కాసిని మంచినీళ్ళు తాగి పాడవే” అన్నారు.

మా పెదనాన్న గొంతు అది. ఆయన పోయిన సంక్రాంతికి ముందే దాటిపోయారు.

పెద్దమ్మ మావాణ్ణి పిలిచి, “ఏదీ, అది ఇంకోసారి వెయ్యి నాయనా” అన్నది. వాడు వేశాడు. ఆ సాయంత్రం ఆవిడ పాటలేవీ అడగలేదు. నాలుగైదుసార్లు ఆ ఒక్క ముక్కే వేయించుకొన్నది. వాడు దాన్ని వేరే ఫైలుగా రెండు చోట్ల దాచి, పేరేమి పెట్టను మామ్మా అని అడిగితే, “మీ తాతయ్య పేరే పెట్టు, నాచేత పలికించకు” అన్నది.