పదార్థవిద్యయు మన డెల్టాయు

ఇంజనీరింగు పరీక్షాఫలితములు వెలువడినప్పుడెల్ల బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతములయందలి గృహములలో నొకటే ప్రశ్న బయలుదేఱును: అబ్బాయినో అమ్మాయినో పైచదువునకు ఎచటికి పంపవలెను? సమాధానము కూడ ముందుగనే సిద్ధమై యుండును. కంప్యూటరు శాస్త్రము, అమెరికా ప్రయాణము, అందులకు బ్యాంకుఋణము, ఋణమునకు హామీగా తాతలనాటి రెండెకరముల మాగాణి. ఈ మార్గమును మేము నిందింపము. ఆ దారిని పోయి కుటుంబములను నిలువబెట్టిన యువకులు వేలకొలదిగ నున్నారు. కాని నీరంతయు నొకే కాలువకు మళ్లించినచో తక్కిన పొలము బీడుపడునను సత్యమును డెల్టా రైతునకు మేము క్రొత్తగా బోధింప నక్కఱలేదు.

అట్లు బీడుపడియున్న చేలలో నొకటి పాలిమరు, కాంపోజిటు పదార్థముల ఇంజనీరింగు విద్య. పేరు క్రొత్తదే కాని వస్తువు మనకు పాతదే. చిన్న అణువులు గొలుసుకట్టుగా కూడి యేర్పడిన దీర్ఘమైన అణువునకు పాలిమరని పేరు. ప్రత్తి, పట్టు, కొబ్బరిపీచు, రబ్బరు ప్రకృతి యొసంగినవి. నైలాను, పాలిథీను మనుష్యుడు చేసినవి. భిన్నగుణములు గల రెండు పదార్థములను, దేని రూపము దానికి నిలుచునట్లు కలిపి, రెంటికిని లేని బలమును సాధించినచో నది కాంపోజిటు. మట్టిగోడ పెట్టువాడు అడుసులో వరిగడ్డి కలిపి త్రొక్కుట యిదియే. గడ్డి లేనిచో గోడ బీటలు వాఱును; మట్టి లేనిచో గడ్డి నిలువదు. నేడు గడ్డికి మాఱుగా గాజునార, కార్బనునార. అడుసునకు మాఱుగా రెసిను. నార బరువును మోయును. రెసిను నారను పట్టియుంచి, బరువును ఒక పోగునుండి మఱియొక పోగునకు అందించును. శాస్త్రమంతయు నీ రెంటి పొత్తును కుదుర్చుటలోనే యున్నది.

ఈ విద్యతో మన డెల్టాకు పనియేమి యని కొందఱడుగవచ్చును. గిలకలదిండి రేవునకో, నాగాయలంకకో పోయి చూచినచో సమాధానము నీటిపైననే తేలుచు కనబడును. పూర్వము బెస్తలు కొయ్యనావలతోడనే వేటకు పోయెడివారు. కొయ్య ప్రియమైనది, నావను తొలుచు పురుగు సరేసరి. 1979లో మద్రాసు కేంద్రముగా నారంభమైన బంగాళాఖాత మత్స్యకార్యక్రమము తీరమునకు నేరుగా చేరదగిన ఫైబరు పడవలను తూర్పుతీరమున ప్రచారమునకు తెచ్చెను. నేడు ఫైబరు బోటు మనవారికి నిత్యవస్తువు. అయినను రెసిను సరిగా గట్టిపడినదా, గాజునార పొరలనడుమ గాలిబుడగలు మిగిలినవా, ఉప్పునీరు లోనికి చొచ్చుచున్నదా యని పరీక్షించు ఏర్పాటు రేవున కేది? పగిలిన బోటునకు పైపై అతుకు వేసి సముద్రమునకు పోవుట ప్రాణముతో జూదమాడుటయే. అంతియ గాదు. ఒకసారి గట్టిపడిన ఈ రెసిను మరల కఱగదు. పాతబడిన బోట్లను ఏమి చేయవలెననునది కూడ నేటి ప్రశ్నయే.

దివిసీమను 1977 నవంబరు 19వ తేదీ ఎన్నటికిని మఱవదు. వేలకొలది జనులను పొట్టనుబెట్టుకొన్న ఆ యుప్పెన పిమ్మట తీరగ్రామములలో తుపాను రక్షాభవనములు వెలసినవి. కాని ఉప్పుగాలి తుపానువలె ఒక్కరాత్రిలో వచ్చిపోవునది కాదు; ఏండ్లతరబడి కాంక్రీటులోనికి చొచ్చి లోపలి ఇనుమును తినును. త్రుప్పుపట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును చీల్చును. గాజునార కడ్డీలకు త్రుప్పు లేదు. అట్లని ఇనుపకడ్డీ తీసి దీనిని పెట్టిన చాలదు. ఉక్కుతో పోల్చిన దీని బిగి సుమారు నాలుగవవంతు మాత్రమే. ఉక్కువలె సాగి హెచ్చరింపక ఒక్కసారిగ తెగును. పనిచోటున వంచుటకును వీలుకాదు. కావున లెక్కగట్టి వాడవలెను. ఆ లెక్క తెలిసినవాడు కావలెను. రక్షాభవనము తుపానునాడు నిలుచునా కూలునా యనునది తీరవాసులకు పాఠ్యపుస్తకములోని ప్రశ్న గాదు.

ఇక గుడివాడ వైపునకు వత్తము. వడ్ల బరువులో సుమారు అయిదవవంతు ఊక. ఊకను కాల్చిన అందులో అయిదవవంతు బూడిద. అనగా నూఱు క్వింటాళ్ల వడ్లకు ఇరువది క్వింటాళ్ల ఊకయు, నాలుగు క్వింటాళ్ల బూడిదయు వచ్చును. ఆ బూడిదలో అధికభాగము సిలికా. రబ్బరునకు బలము చేకూర్చుటకు సిలికాను టైర్లలో వాడుదురు. ఊకబూడిద నుండి తీసిన సిలికాను తన టైర్లలో వాడెదనని గుడియియర్ అను అమెరికా సంస్థ 2014లో ప్రకటించెను. మన మిల్లుల వెనుక గుట్టలుపడి, గాలికి లేచి కండ్లలోపడు బూడిదకు పరదేశమున నంతటి మన్నన! ఊకను పొడిచేసి ప్లాస్టిక్కుతో కలిపి పలకలు పోయుటయు, రొయ్యపెంకుల నుండి కైటోసాను అను పాలిమరును తీయుటయు శాస్త్రమునకు తెలిసిన పనులే. మిల్లులును రొయ్యలచెఱువులును గల మన జిల్లాలో ఈ విద్యకు కావలసిన ముడిసరకు కాళ్లక్రిందనే యున్నది.

ఈ విద్య ఎంత దూరము పోగలదో హైదరాబాదు చూపినది. 1989లో తొలిసారి ప్రయోగింపబడిన అగ్ని క్షిపణి వాతావరణమున తిరిగి ప్రవేశించునప్పటి తాపమునకు తాళుటకు కార్బను కాంపోజిటు కవచమే శరణమైనది. అట్టి తేలికపదార్థమునే నిజాము వైద్యసంస్థ వైద్యుని కోరికపై అబ్దుల్ కలాముగారి బృందము పోలియో బాలుర కాలిపట్టీలకు వాడగా, మూడు కిలోలకు పైబడిన బరువు సుమారు 300 గ్రాములకు దిగినది. ఆయుధము చేసిన విద్యయే అవిటిబిడ్డను నడిపించినది. నాగాయలంక మండలమున క్షిపణి పరీక్షాకేంద్రమునకు 2025 మే నెలలో శంకుస్థాపన జరిగినది. బందరు ఓడరేవు పనులు 2023లో ఆరంభమైనవి. వీనియందు మన బిడ్డలు కావలివారుగను కూలివారుగను మాత్రమే నిలువవలెనా, లేక శాస్త్రజ్ఞులుగ ప్రవేశింపవలెనా?

ఇందు కేరళీయుల దృష్టాంతము గ్రహింపదగినది. తమ కొండలలో రబ్బరు పండుచుండగా వారు కొచ్చిను విశ్వవిద్యాలయమున 1971లోనే పాలిమరు, రబ్బరు శాస్త్రములకు ప్రత్యేకశాఖను నెలకొల్పిరి. పంటను చూచి చదువును నాటిరి. మనకు మాత్రము సంస్థలు లేవా? బందరున 2008లో స్థాపితమైన కృష్ణా విశ్వవిద్యాలయ మున్నది. గుడివాడ చెంత గుడ్లవల్లేరున 1998 నుండి ఇంజనీరింగు కళాశాల యున్నది. విజయవాడ సమీపమున సూరంపల్లిలో కేంద్రప్రభుత్వమువారి ప్లాస్టిక్కు విద్యాసంస్థయగు సీపెట్ శాఖ యున్నది. లేనిది వీనిని డెల్టా అవసరములతో ముడివేయు సంకల్పమే.

ఈ విద్యలోని కష్టమును దాచుట మా యభిమతము కాదు. కంప్యూటరు ఉద్యోగములంత విరివిగా దీనిలో కొలువులు దొరకవు. తొలినాటి జీతమును స్వల్పమే కావచ్చును. పరికరములు లేని కళాశాలలో పట్టముకొఱకు రెండేండ్లు గడపుట కంటె చేరకుండుటయే మేలు. కావున చేరుటకు ముందు తల్లిదండ్రులు భవనముల ఎత్తును గాక ప్రయోగశాలను చూడవలెను. పదార్థమును లాగి, వంచి, వేడిచేసి పరీక్షించు యంత్రము లున్నవా, అవి పనిచేయుచున్నవా, అధ్యాపకుడు స్వయముగ పరిశోధన చేయుచున్నాడా యని యడుగవలెను. ఇంకొక మాట. గేట్ పరీక్షలో అర్హత పొంది గుర్తింపుగల సంస్థలో ఎం.టెక్. చేరిన విద్యార్థికి నెలకు 12,400 రూపాయల భృతి లభించును. దీనికై మాగాణి తాకట్టు పెట్ట నక్కఱలేదు.

ధనికులకును మా విన్నప మొకటి గలదు. మిల్లుయజమానులు ఊకబూడిదపై నొక విద్యార్థికి, చెఱువుల రైతులు రొయ్యపెంకుపై నొకనికి, బోటుయజమానులు ఫైబరు మరమ్మతుపై నొకనికి ఏటేట పరిశోధనావేతన మిచ్చినచో, అది పెండ్లిపందిరి అలంకారమునకు వెచ్చించు ధనములో నెన్నవ వంతు? కళాశాలలును తమ విద్యార్థులకు ఎక్కడివో పాతవిషయములను మరల వ్రాయించుట మాని, మన రేవుల, మిల్లుల ప్రశ్నలనే పరిశోధనాంశములుగ నీయవలెను.

ఇది ఈ గడ్డకు క్రొత్త మాట కాదు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగారలు బందరున ఆంధ్ర జాతీయకళాశాలను స్థాపించినది చదువునకును చేతిపనికిని నడుమ గోడను పడగొట్టుటకే. అందు బోధించిన పింగళి వెంకయ్యగారు ప్రత్తినార గుణములను పరిశోధించి పత్తి వెంకయ్యగా పేరొందిరి. 1926లో బందరున వెలసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ తరువాత భారత్ ఎలక్ట్రానిక్స్‌లో లీనమై నేటికిని పనిచేయుచున్నది. కృష్ణకు ఆవలి యొడ్డున తెనాలి ప్రాంతమువాడగు యలవర్తి నాయుడమ్మగారు అమెరికాలో పైచదువు ముగించి, తిరిగివచ్చి, మద్రాసు తోళ్ల పరిశోధనాలయమునకు అధిపతియై, మన తోలునకే విలువ తెచ్చిరి. పరదేశమునకు పోవుట తప్పుకాదు. అచటి విద్యను ఇచటి పదార్థమునకు అన్వయింపకుండుటయే లోపము.

ఈ యేడు పైచదువును గూర్చి ఆలోచించు తల్లిదండ్రులారా! బిడ్డ ఎంత దూరము పోవునని మాత్రమే గాక, ఏ పదార్థమును చేతబట్టి వచ్చునని కూడ నొకసారి యోచింపుడు. మన ఊక, మన ఉప్పుగాలి, మన రేవు వారికొఱకు వేచియున్నవి.